గన్ను ఎంత చూస్తుంది?

నుదుటికి గురిపెడితే సెకనులో అంకె వేసే థర్మల్ గన్ మనలో చాలామందికి కరోనా రోజుల్లోనే పరిచయమైంది. దాన్ని నడిపే సూత్రం మాత్రం రొయ్యల చెరువు గట్టు మీదా, రైలు చక్రాల దగ్గరా, ఆకాశంలోని ఉపగ్రహంలోనూ పనిచేస్తోంది. తాకకుండానే వేడిని ఎలా కనిపెడుతుంది? ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు? రేపల్లె ప్రాంతం నుంచి కథనం.

2020 వేసవి. రేపల్లెలో గానీ, తెనాలిలో గానీ, బాపట్లలో గానీ ఏ గుమ్మం తొక్కాలన్నా ముందు నుదురు చూపించాలి. బ్యాంకు, సచివాలయం, రైల్వే స్టేషను... ఎక్కడ చూసినా తెల్లటి ప్లాస్టిక్ గన్ను. జూన్ 8 నుంచి గుడులు తెరుచుకుంటే అక్కడ కూడా గన్ను దాటాకే దేవుడి దర్శనం. నవంబరు 2న బడులు తెరిచినప్పుడు పిల్లల వరస ముందు అదే. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఓటుకు వెళ్తే వేలికి సిరా కన్నా ముందు నుదుటికి గన్ను.

‘‘మామ్మగారూ, కొంగు కాస్త వెనక్కి తియ్యండి’’ అని ఆశా కార్యకర్త అనడం, ‘‘ఎంతుందమ్మా?’’ అని మామ్మగారు కంగారు పడటం, ‘‘తొంభై మూడు, ఏం లేదు, వెళ్లండి’’ అని పంపేయడం... ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ విన్న మాటలే.

ఆ తొంభై మూడు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 93 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటే 34 సెల్సియస్ కన్నా తక్కువ. ఒంటి లోపలి వేడి నిజంగా 35 కిందికి పడిపోతే వైద్యులు దాన్ని హైపోథెర్మియా అంటారు. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. మే నెల ఎండలో, గుంటూరు సీమలో, తన కాళ్ల మీద తాను నడిచొచ్చిన మనిషికి అది ఎలా వస్తుంది? రాదు. అయినా గన్ను అంకె వేసింది, రిజిస్టరులోకి అది ఎక్కింది, ఎవరూ ఏమీ అనుకోలేదు. జ్వరం ఉన్నవాళ్లను పట్టుకోవడానికే గన్ను ఉంది కాబట్టి తక్కువ వస్తే మంచిదే అనుకున్నాం. కానీ చల్లటి మనిషిని అంత ధీమాగా చూపించిన పరికరం, జ్వరం ఉన్న మనిషిని కూడా మామూలుగా చూపించగలదు కదా!

అలాగని గన్ను అబద్ధం చెప్పలేదు. అది చూసినదాన్నే చెప్పింది. అది ఏం చూస్తుందో, ఎంత మేర చూస్తుందో పట్టుకున్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. చిక్కంతా అక్కడే.

ఎరుపు అవతల

ఈ కథ 1800లో ఇంగ్లండులో మొదలైంది. విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త అంతకు ముందే, 1781లో, యురేనస్ గ్రహాన్ని కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. రకరకాల రంగు అద్దాల్లోంచి సూర్యుణ్ని చూస్తుంటే కొన్ని అద్దాలు వెలుగు తక్కువగా, వేడి ఎక్కువగా పంపుతున్నాయని ఆయనకు తోచింది. గాజు పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటరు ఉంచాడు. ఊదా నుంచి ఎరుపు వైపు జరుగుతున్నకొద్దీ పాదరసం పైకెక్కింది. ఎరుపు దాటాక, వెలుగే కనిపించని చోట థర్మామీటరు పెడితే అక్కడ ఇంకా పైకెక్కింది. కంటికి కనిపించని ఆ కిరణాలనే ఇప్పుడు మనం పరారుణ కిరణాలంటున్నాం.

వీటిని వెదజల్లేది సూర్యుడొక్కడే కాదు. మైనస్ 273 డిగ్రీల పరమశూన్యం కన్నా పైన ఉన్న ప్రతి వస్తువూ వెదజల్లుతూనే ఉంటుంది. మనిషి, గేదె, గోడ, మంచుగడ్డ... అన్నీ. వేడి ఎక్కువైతే ఎక్కువ, తక్కువైతే తక్కువ. మన ఒంటి నుంచి వెలువడే కిరణాల్లో అధిక భాగం తొమ్మిది, పది మైక్రాన్ల తరంగదైర్ఘ్యం చుట్టూ ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన కంటి చూపు ఎరుపు దగ్గర, ముప్పాతిక మైక్రాన్ లోపే ఆగిపోతుంది. చీకటి గదిలో మనం ఒకరికొకరం కనిపించకపోవడానికి కారణం అదే. ఆ కిరణాలను చూడగల కన్ను ఉంటే ఏ చీకట్లోనైనా మనుషులు వెలుగుతూనే కనిపిస్తారు.

థర్మల్ గన్ అలాంటి కన్ను. ఆకారం తుపాకీదే అయినా దాని మూతి నుంచి బయటికి వచ్చేది ఏమీ లేదు. లోపలికి వెళ్లేదే ఉంది. 2020లో వాట్సాప్‌లో తిరిగిన ఒక సందేశం చాలామందికి గుర్తుండే ఉంటుంది. నుదుటికి గన్ను పెడితే కిరణాలు మెదడులోకి దూరి పీనియల్ గ్రంథిని దెబ్బతీస్తాయని దాని సారాంశం. ఆ భయంతో కొందరు నుదుటికి బదులు మణికట్టు చాపడం మొదలుపెట్టారు. అమెరికా ఎఫ్‌డీఏ సహా ఎన్నో సంస్థలు అది ఉత్త పుకారని తేల్చాయి. గన్ను నుదుటి మీదికి కిరణాలు వేయదు, నుదురే గన్ను మీదికి వేస్తోంది.

లోపల ఏముంది?

గన్ను మూతి దగ్గర చిన్న కటకం లేదా కిటికీ ఉంటుంది. మామూలు గాజు పెడితే పనిచేయదు. ఎనిమిది మైక్రాన్లు దాటిన కిరణాలను గాజు లోపలికి రానివ్వదు. అందుకే ఖరీదైన వాటిలో జెర్మేనియం, సిలికాన్ కటకాలు, చవక వాటిలో పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌తో చేసిన పలుచని కటకాలు వాడతారు. కిటికీ అద్దానికి ఇవతల నుంచి అవతలున్న వస్తువుకు గన్ను గురిపెడితే వచ్చేది ఆ వస్తువు వేడి కాదు, అద్దం వేడి.

కటకం వెనక థర్మోపైల్ అనే సెన్సరు ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల కలిపి, ఒక చోట వేడి చేస్తే తీగలో కరెంటు పుడుతుందని 1821లో థామస్ సీబెక్ గమనించాడు. అలాంటి జతలను వరసగా పేర్చి ఇటలీ శాస్త్రవేత్తలు నోబిలి, మెల్లోని 1830ల మొదట్లో థర్మోపైల్ తయారుచేశారు. పది గజాల దూరంలో నిలబడ్డ మనిషి ఒంటి వేడిని కూడా అది పసిగట్టేది. ఇప్పుడు అదే ఏర్పాటును గోరంత చిప్పు మీద చెక్కుతున్నారు. మధ్యలో పలుచని నల్లటి పొర ఉంటుంది. కిరణాలు పడి అది రవ్వంత వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న అంచు చల్లగానే ఉంటుంది. ఆ రెంటి మధ్య తేడాకు సూక్ష్మమైన వోల్టేజి పుడుతుంది. దాన్ని పెంచి, లెక్కగట్టి, తెర మీద అంకెగా వేస్తుంది లోపలి చిప్పు.

ఆ లెక్కకు పునాది ఆస్ట్రియా శాస్త్రవేత్తలు వేశారు. వస్తువు వెదజల్లే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని 1879లో జోసెఫ్ స్టెఫాన్ ప్రయోగ ఫలితాల నుంచి తేల్చాడు. 1884లో ఆయన శిష్యుడు బోల్ట్జ్‌మన్ దాన్ని సిద్ధాంతంగా నిరూపించాడు. నాలుగో ఘాతం అంటే చాలా పెద్ద తేడా అనిపిస్తుంది గానీ, జ్వరం కొలతకు వచ్చేసరికి అది ఎంత సన్నమో చూడండి. 37 డిగ్రీల నుంచి 38కి పెరిగితే వెలువడే శక్తి పెరిగేది సుమారు 1.3 శాతం. మామూలు మనిషికీ జ్వరం మనిషికీ మధ్య ఉన్నది అంతే. ఆ కాస్త తేడాను పట్టుకోవాల్సిన పరికరం కాబట్టే చెమట, ఎండ, గాలి, దూరం అన్నీ దానికి లెక్కే.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. థర్మోపైల్‌కు తెలిసేది ఎదుటి వస్తువుకూ తనకూ మధ్య తేడా మాత్రమే. తన వేడి ఎంతో తెలిస్తేనే ఎదుటిదాని వేడి తేలుతుంది. అందుకని గన్ను లోపల సొంత వేడిని కొలిచే మరో చిన్న సెన్సరు ఉంటుంది. ఏసీ గదిలోంచి తీసి ఎండలోకి తెచ్చినా, స్కూటీ డిక్కీలో మధ్యాహ్నమంతా మాడిన గన్నును నీడలో వాడినా కటకం ఒక వేడిలో, సెన్సరు ఒక వేడిలో ఉంటాయి. లెక్క తప్పుతుంది. కొత్త చోటికి తెచ్చాక పావుగంట, అరగంట గన్నును అక్కడే వదిలేసి తరవాత వాడమనేది అందుకే.

నుదుటి లెక్క

చర్మం వేడి, ఒంటి లోపలి వేడి ఒకటి కావు. లోపల 37 ఉన్నా నుదుటి చర్మం 33, 34 దగ్గర ఉండొచ్చు. జ్వరం చూసే గన్ను నుదుటి వేడిని కొలిచి, గది వేడిని బట్టి లోపల ఎంత ఉండొచ్చో అంచనా కట్టి చూపిస్తుంది. ఈ కూడిక ‘బాడీ’ మోడ్‌లో జరుగుతుంది. చాలా గన్నుల్లో ‘సర్ఫేస్’ అని ఇంకో మోడ్ ఉంటుంది. బటన్ పొరపాటున అందులోకి మారితే ఏ కూడికా ఉండదు, చర్మం ఎంతుంటే అంతే చూపిస్తుంది. తొంభై మూడు పుట్టే దారుల్లో ఇదొకటి.

రెండో దారి మణికట్టు. నుదుటి చర్మం కింద రక్తం ధారాళంగా పారుతుంది కాబట్టి అక్కడి వేడి కొంత నిలకడగా ఉంటుంది. చేతులు, కాళ్లు అలా కాదు. చల్లగాలి తగిలితే ముందు చల్లబడేవి అవే. గన్ను లోపల ఉన్న లెక్క నుదుటి కోసం రాసింది. దాన్ని మణికట్టుకు పెడితే వచ్చే అంకెకు అర్థం లేదు.

మూడో దారి చెమట. కృష్ణా డెల్టా చివరన, సముద్రానికి దగ్గరగా ఉన్న రేపల్లె, నిజాంపట్నం వైపు వేసవిలో రెంటచింతలలోలా మండే ఎండ లేకపోయినా ఉక్కపోత ఎక్కువ. నుదురు ఎప్పుడూ తడే. చెమట ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది. గన్ను చూసేది ఆ చల్లబడిన తడినే. అదే మనిషి తుడుచుకుని, నేరుగా ఎండలోంచి వచ్చి నిలబడితే కాగిన చర్మాన్ని చూసి జ్వరమనేస్తుంది. నీడలో పది, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చూడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఉపాధి పనిలోనో, నాట్లలోనో ఎవరైనా ఎండకు సొమ్మసిల్లితే గన్ను అంకె చూసి ధైర్యపడకూడదు. వడదెబ్బలో ఒంటి లోపల 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు, నుదురు మాత్రం చెమటతో చల్లగా ఉండొచ్చు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా నీళ్లతో తడిపి, గాలి విసిరి, 108కి ఫోన్ చేయడమే. అంకె తరవాత చూసుకోవచ్చు.

సరిగ్గా వాడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. గది 16 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. నుదురు పొడిగా ఉండాలి. జుట్టు, కొంగు, టోపీ పక్కకు తీయాలి. బొట్టు, విభూతి, చందనం ఉంటే వాటి మీద కాకుండా పక్కన శుభ్రమైన చర్మానికి గురిపెట్టాలి. గన్నును నుదుటికి నిటారుగా, కంపెనీ చెప్పిన దూరంలో పట్టుకోవాలి. ఎక్కువ గన్నులకు అది మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు, అంటే రెండు, మూడు వేళ్ల మందం. దూరం జరిగితే నుదుటితో పాటు వెనకున్న గోడను కూడా కలిపి చూస్తుంది. అనుమానం వస్తే రెండు, మూడు సార్లు చూడాలి. 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటితే జ్వరమనే లెక్క. ఆ దరిదాపుల్లో వస్తే చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటరుతో ఖాయం చేసుకోవాలి. మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 వస్తే ఇంట్లో కూర్చుని మళ్లీ మళ్లీ కొలవడం కాదు, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మంచి గన్నుకు ఎంత తేడా వరకు ఒప్పుకుంటారు? అంతర్జాతీయంగా వాడే ఏఎస్‌టీఎం ప్రమాణం ప్రకారం చర్మానికి పెట్టే వాటిలో 0.3 సెల్సియస్ దాకా. అది కూడా ప్రయోగశాలలో, ప్రమాణ పరికరం ముందు. గేటు దగ్గర ఎండలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

అందుకే 2020 మొదట్లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, వేడి చూడటం ఒక్కటే వ్యాధిని ఆపలేదని చెప్పింది. వైరస్ సోకినా జ్వరం రాని వాళ్లున్నారు. సోకాక లక్షణాలు బయటపడటానికి పద్నాలుగు రోజుల వరకు పట్టొచ్చు. పారాసెటమాల్ వేసుకుని వచ్చినవాడు గన్ను ముందు ఆరోగ్యవంతుడే. గేటు దగ్గర గన్ను వల్ల లాభమే లేదని కాదు. ఒంట్లో బాగోలేనివాళ్లు బయటికి రావడానికి వెనకాడారు, అంతవరకు మేలే. గన్ను దాటినంత మాత్రాన మాస్కు తీసేయొచ్చనుకోవడం దగ్గరే దెబ్బతిన్నాం.

తోమిన గిన్నె, మసి గిన్నె

జ్వరం గన్నుకు అన్నదమ్ముడు ఇండస్ట్రియల్ గన్ను. మైనస్ 50 నుంచి మూడు, నాలుగు వందల డిగ్రీల దాకా చూస్తుంది. ఎర్రటి లేజర్ చుక్క వేస్తుంది. దీన్ని మనుషులకు వాడకూడదు. లేజర్ కళ్లకు మంచిది కాదు, పైగా జ్వరం తేల్చేంత సన్నటి కొలత దీనికి లేదు. ఆ లేజర్ కొలిచేది కూడా ఏమీ ఉండదు, గురి ఎక్కడుందో చూపించడమే దాని పని.

దీని స్వభావం తెలియాలంటే వంటింట్లోకి వెళ్లాలి. కట్టెల పొయ్యి మీద స్టీలు గిన్నెలో పాలు మరుగుతున్నాయి. గిన్నె పైభాగం తళతళ మెరుస్తోంది, కింది భాగం మసి పట్టి ఉంది. గిన్నెను పొయ్యి మీది నుంచి దించి, మసి పట్టిన చోట గురిపెట్టండి. వంద దగ్గర చూపిస్తుంది. అదే గిన్నెకు, పాల మట్టం లోపే, మెరిసే చోట గురిపెట్టండి. నలభై, యాభై చూపిస్తుంది! చెయ్యి పెడితే కాలుతుంది, గన్ను మాత్రం గోరువెచ్చన అంటుంది.

కారణం ఎమిసివిటీ. అంటే, ఒక వస్తువు తన వేడికి తగ్గట్టు ఎంత బాగా కిరణాలు వెదజల్లుతుందో చెప్పే అంకె. అత్యధికం ఒకటి. మసికి సుమారు 0.95, నీటికి 0.96, మనిషి చర్మానికి 0.98. చర్మం రంగుతో ఇందులో పెద్ద తేడా లేదు. మెరిసే లోహానికి మాత్రం 0.1, 0.2 మించదు. అది సొంత కిరణాలు పంపడం తక్కువ, చుట్టుపక్కల వాటిని తిప్పికొట్టడం ఎక్కువ. మెరిసే గిన్నెలో గన్ను చూసింది పాల వేడిని కాదు, వంటింటి గోడల నీడను. స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ లెస్లీ 1804లో లోహపు డబ్బాలో వేడినీళ్లు పోసి, ఒక ముఖానికి నలుపు పూసి, ఒక ముఖానికి మెరుగుపెట్టి ఈ సంగతే నిరూపించాడు.

చాలా చవక గన్నుల్లో ఎమిసివిటీ 0.95 అని బిగించేసి ఉంటుంది. కాబట్టి మెరిసే దేన్ని కొలవాలన్నా దాని మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, అది వేడెక్కాక టేపుకు గురిపెట్టాలి. మరీ వేడిగా ఉంటే నల్ల రంగు చుక్క.

చెరువు గట్టు మీద

ఈ టేపు ముక్క విలువ రొయ్యల రైతుకు బాగా తెలియాలి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక కోస్తా అంతటా చెరువులు పెరిగాయి. రేపల్లె, నిజాంపట్నం మండలాల్లో రాత్రిపూట రోడ్డు మీద వెళ్తుంటే వినిపించేది నీటిలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడే. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగిపోతే రొయ్య పైకి తేలుతుంది, చూస్తుండగానే పంట పోతుంది. ఏరేటర్లు ఆగడానికి కరెంటు కోత ఒక్కటే కారణం కాదు. మోటారు స్టార్టర్ డబ్బాలో ఒక లగ్గు, అంటే తీగ కొసను బిగించే లోహపు ముక్క, వదులైతే చాలు. వదులైన చోట నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది, ఉప్పుగాలికి తుప్పు పట్టిన జాయింటు ఇంకా వేడెక్కుతుంది, చివరికి ఒక ఫేజు కాలిపోతుంది. మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు మూలిగి, అదీ కాలుతుంది.

ఇక్కడ గన్ను చేసే మేలు అంతా ఇంతా కాదు. మోటార్లు పూర్తి లోడు మీద గంటసేపు నడిచాక, ఎలక్ట్రీషియన్ డబ్బా తెరిచి, మూడు ఫేజుల లగ్గులకూ ఒకటి తరవాత ఒకటి గురిపెట్టాలి. రాగి, అల్యూమినియం లగ్గులు మెరుస్తాయి కాబట్టి నేరుగా చూస్తే తప్పు చెబుతుంది. కరెంటు తీసేసినప్పుడు మూడింటికీ ఒకే రకం టేపు చుట్టి ఉంచాలి. లేదంటే లగ్గు పక్కనే ఉన్న వైరు ఇన్సులేషన్‌కు గురిపెట్టాలి. ఒకే లోడు మోస్తున్న మూడూ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. రెండు 45 దగ్గర ఉండి మూడోది 65 ఉందంటే లోపం అక్కడే. తేడా పదిహేను డిగ్రీలు దాటితే ఆ రాత్రి దాకా ఆగకూడదు, మెయిన్ ఆపి బిగించాల్సిందే. అసలు ఉష్ణోగ్రత ఎంతన్నది ఇక్కడ రెండో మాట, పక్కదానితో తేడా ఎంతన్నదే మొదటి మాట. గన్నులో రెండు డిగ్రీల తప్పున్నా మూడింటికీ అదే తప్పు కాబట్టి తేడా చెడదు.

దూరం సంగతి ఇక్కడే తేలుతుంది. గన్ను మీద 12:1 అని రాసి ఉంటుంది. 12 అడుగుల దూరం నుంచి చూస్తే అడుగు వెడల్పున్న వలయం మొత్తం సగటు వేడిని చెబుతుందని దాని అర్థం. చక్కగా లగ్గు ఒక్కటే కనపడాలంటే కొన్ని అంగుళాల దగ్గరికి రావాలి. కరెంటున్న చోట అంత దగ్గరికి వెళ్లడం ఎలక్ట్రీషియన్ పని, చెరువు కాపలా కుర్రాడి పని కాదు. గట్టు మీద నిలబడి స్తంభం పైనున్న జంపరు తీగకు గురిపెడితే ఆ వలయంలో జంపరు పిసరంతే, మిగతాదంతా ఆకాశం. మబ్బు లేని ఆకాశానికి గన్ను పెడితే చాలాసార్లు మైనస్ అంకె వస్తుంది. రెండూ కలిసి వచ్చే సగటుకు ఏ అర్థమూ ఉండదు.

రైల్వేలోనూ ఇదే పద్ధతి. గుంటూరు నుంచి తెనాలి మీదుగా వచ్చే రైలు మార్గం 1916 నుంచీ రేపల్లెతోనే ఆగిపోతుంది. ఆ దారిలో డెల్టా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లకు చక్రాల పక్కన కనిపించే ఇనుప గూడు తెలిసే ఉంటుంది. అదే యాక్సిల్ బాక్స్. అందులో బేరింగు ఎండిపోయినా, విరిగినా వేడెక్కుతుంది. దాన్నే హాట్ యాక్సిల్ అంటారు. పట్టించుకోకపోతే ఇరుసే తెగిపోవచ్చు. ఒకప్పుడు బండి ఆగగానే సిబ్బంది చేత్తో తాకి చూసేవారు. ఇప్పుడు గన్నుతో ఒక్కో గూడూ చూసుకుంటూ వెళ్తారు. ఒకే బండిలో, ఒకే దూరం తిరిగిన చక్రాల్లో ఏది మిగతావాటి కన్నా వేడిగా ఉందన్నదే ప్రశ్న. గూళ్ల మీద దుమ్ము, పెయింటు ఉంటాయి కాబట్టి గిన్నె మెరుపు బాధ ఇక్కడ లేదు.

పైపొర దాటి చూడలేదు

ఎక్కడ వాడినా గన్నుకు ఒక గీత ఉంది. అది చూసేది పైపొరను. నీటిలో ఈ కిరణాలు మిల్లీమీటరులో చిన్న భాగం కూడా దాటి రావు. చెరువు మీద గన్ను పెడితే నీటి పైచర్మం వేడి తెలుస్తుంది, రొయ్య ఉండే అడుగు నీరు కాదు. దానికి తాడు కట్టి దించే మామూలు థర్మామీటరే దిక్కు. నిజాంపట్నం రేవులో ఐసు వేసిన చేపల ట్రేకి పైనుంచి గురిపెడితే ఐసు సున్నా చూపిస్తుంది, ట్రే మధ్యలో చేప ఎంతుందో చెప్పదు. తడి ఆరని ధాన్యాన్ని రాశి పోస్తే, తడి గడ్డిని వాము వేస్తే లోపల వేడెక్కుతుంది. పైన గాలికి చల్లగానే ఉంటుంది. చెయ్యి లోపలికి దోపి చూసే రైతు పద్ధతే ఇక్కడ గన్ను కన్నా మేలు. పొడుగాటి ముల్లు ఉన్న థర్మామీటరు గుచ్చితే మరీ మంచిది.

ఈ గీత చేతిలోని గన్నుకే కాదు, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికీ ఉంది. 2016 సెప్టెంబరు 8న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన ఇన్‌శాట్-3డీఆర్‌లో 10.8, 12 మైక్రాన్ల దగ్గర చూసే పరారుణ కళ్లున్నాయి. చేతి గన్నులు చూసేది కూడా 8 నుంచి 14 మైక్రాన్ల మధ్యే. కారణం ఒకటే. ఆ మేరలో గాలి, అందులోని తేమ మిగతా మేరల కన్నా తక్కువ అడ్డుపడతాయి. 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను బాపట్లకు దగ్గరలో తీరం దాటింది. అలాంటి తుపానుల్లో మేఘం ఎంత ఎత్తుకు పోతే దాని పైకప్పు అంత చల్లగా, మైనస్ 70, 80 దాకా ఉంటుంది. ఉపగ్రహం ఆ పైకప్పుల చల్లదనాన్ని కొలిచి తుపాను బలం అంచనాకు ఆధారమిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమనూ, రేపల్లె తీరాన్నీ ఉప్పెన ముంచినప్పుడు మన దేశానికి సొంతంగా అలాంటి కన్ను లేదు. 1980ల్లో ఇన్‌శాట్ ఉపగ్రహాలతోనే అది వచ్చింది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు చూసిన సముద్రపు పైనీటి వేడినీ, నీటి రంగునూ కలిపి చేపలు ఎక్కువగా దొరికే చోట్లను మత్స్యకారులకు చెబుతోంది. చల్లటి నీరు, వెచ్చటి నీరు కలిసే గీతల వెంట మేత ఎక్కువ, చేప అక్కడికి చేరుతుంది. అయితే మబ్బు పట్టిన రోజున ఆ సమాచారం రాదు. ఉపగ్రహం మబ్బు పైకప్పునే చూస్తుంది గానీ కింది సముద్రాన్ని చూడలేదు. నుదుటి మీద కొంగు అడ్డొస్తే గన్ను కొంగునే చూసినట్టు.

కొన్నాక చేయాల్సింది

ఇంటికి గన్ను కొనాలా? జ్వరం ఖాయం చేసుకోవడానికైతే చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటరు చాలు. అది చవక, నమ్మకం కూడా. నిద్రపోతున్న పిల్లాణ్ని లేపకుండా చూడటానికి, రాత్రంతా జ్వరం ఎక్కుతోందా తగ్గుతోందా గమనించడానికి గన్ను బాగుంటుంది. బడులు, ఆస్పత్రుల్లాంటి చోట్ల తాకకుండా వేగంగా చూసే వీలుంటుంది. మోటార్లు, స్టార్టర్లు ఉన్న రైతుకు ఇండస్ట్రియల్ గన్ను జ్వరం గన్ను కన్నా ఎక్కువ పనికొస్తుంది. రెండూ ఒకటి కావు, ఒకదాని పని ఇంకోటి చేయదు.

కొన్నాక ముందు మోడ్ చూడండి, బాడీనా, సర్ఫేసా అని. ఎఫ్, సి ఏది ఉందో చూడండి. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నాలుగు రోజులు వేర్వేరు వేళల్లో పెట్టి మామూలుగా ఎంత వస్తుందో పుస్తకంలో రాసుకోండి. పక్కన డిజిటల్ థర్మామీటరు అంకె కూడా రాయండి. తేడా ఎంతో మీకే తెలుస్తుంది. సాయంత్రం ఒంటి వేడి ఉదయం కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. మూతి దగ్గరి కటకాన్ని వేలితో తాకొద్దు, పమిటతో తుడవద్దు. దూదిపుల్లకు కాస్త స్పిరిట్ అద్ది మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాక వాడండి. బ్యాటరీ గుర్తు వెలిగితే ఆ అంకెల మీద ఆధారపడొద్దు.

సర్ఫేస్ మోడ్ ఉన్న గన్నును ఇంట్లోనే పరీక్షించొచ్చు. వెడల్పాటి గిన్నెలో ఐసు దంచి నింపండి, ఐసు అంచు దాకా చల్లటి నీళ్లు పోయండి. కలిపి అయిదు నిమిషాలు ఆగి, మళ్లీ కలిపి, వెంటనే దగ్గర నుంచి నిటారుగా గురిపెట్టండి. సున్నాకు అటూ ఇటూ ఒకటి, రెండు డిగ్రీల్లో వస్తే గన్ను పనిలో ఉన్నట్టే. అయిదు, ఆరు చూపిస్తే, ఇంకోసారి చేసినా అదే వస్తే, బిల్లు దొరుకుతుందేమో వెతికి షాపుకు తీసుకెళ్లండి.